రథానికి సర్గీ, డోలుకి సివ్నా

బస్తర్‌లో చెట్టు అనగానే అందరూ చెప్పేది సాల్. అక్కడి హల్బీ భాషలో సర్గీ అంటారు, మనం గుగ్గిలం చెట్టు అంటాం. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర వృక్షం ఇదే. బస్తర్‌కి ‘సాల్ వనాల ద్వీపం’ అన్న పేరు వచ్చిందీ దీనివల్లే. ఇంటికి దూలం, చేనుకి కంచె, అన్నానికి విస్తరాకు, పొద్దున పళ్లు తోముకోవడానికి పుల్ల, దేవుడికి ధూపం అన్నీ ఆ ఒక్క చెట్టే ఇస్తుంది. ఇంత కర్ర చేతికి అందేంత దూరంలో ఉన్నా, డోలు చెక్కాల్సి వచ్చినప్పుడు అక్కడి ఆదివాసులు మురియాలు, మాడియాలు మామూలుగా దాని జోలికి పోరు. సివ్నా కోసం వెతుకుతారు, అది దొరక్కపోతే బీజా. సివ్నా అంటే మన గుమ్మడి టేకు. బీజా అంటే పెద్దేగి, కొందరు యేగిస అంటారు.

చేత్తో గిటారు చేద్దామని ఉబలాటపడే కుర్రాళ్లు ఈ మధ్య మన ఊళ్లలోనూ కనిపిస్తున్నారు. వాళ్లు ముందుగా అడిగేది ‘ఏ కర్ర మంచిది?’ అని. ఇంటర్నెట్‌లో వెతికితే స్ప్రూస్, మహాగనీ, రోజ్‌వుడ్ అన్న మూడు పేర్లు వస్తాయి. ధర చూసి గుండె గుభేలుమంటుంది, అక్కడితో ఉత్సాహం సగం చల్లారిపోతుంది. అసలు ఆ ప్రశ్నే సరిగ్గా లేదని నా అభిప్రాయం. వాద్యంలో ఏ భాగానికి, ఏ పనికి అని కూడా కలిపి అడిగితే తప్ప దానికి జవాబు ఉండదు. ఈ సంగతి బస్తర్ వాద్యాలు చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. సర్గీని ఎందుకు పక్కన పెట్టారో అక్కడి నుంచే మొదలుపెడదాం.

సర్గీ చేతకాని కర్రేమీ కాదు. జగదల్‌పూర్ దసరా రథం చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం నిలిపాడని చెప్పుకుంటాం కదా, ఆ వంశం నడిపిన పండుగే ఇది. 75 రోజుల పండుగ. మన లెక్కలో ఆషాఢ అమావాస్య, వాళ్లకి హరేలీ. ఆ రోజున రథానికి తెచ్చిన తొలి మొద్దుకి పూజ చేస్తారు. ఝార్ ఉమర్‌గావ్, బేడా ఉమర్‌గావ్ పల్లెల పనివాళ్లు వచ్చి, బాడిసలతో చెక్కి, ఏటేటా కొత్త రథం కడతారు. పెద్ద పెద్ద మొద్దులన్నీ సాల్‌వే. ఇరుసుకి మాత్రం తిన్సా వాడతారు, దెబ్బ తగిలితే పుటుక్కున విరిగే కర్ర కాదది. ఒకే బండికి రెండు రకాల కర్ర ఎందుకంటే ఇరుసు చేసే పని వేరు, పై చట్రం చేసే పని వేరు కాబట్టి.

రథానికి వాడే సర్గీ పచ్చిది. అడవిలో కొట్టి తెచ్చిన కొద్ది వారాలకే అది చట్రమైపోతుంది. పచ్చి మీద సర్గీ కాస్త మాట వింటుంది, ఎండితే బాడిస అంచు తిరిగిపోతుంది. పైగా రథం మోయాల్సింది కొన్ని రోజులే. ఆ తర్వాత బీటలు వారినా, కాస్త వంగినా పట్టించుకునేవాళ్లుండరు, వచ్చే ఏడు మళ్లీ కొత్తది కడతారు. డోలుకి ఆ వీలు లేదు. తాత చెక్కిన డోలు మనవడి మెడలో మోగాలి. రథానికి కావలసింది బలం, వాద్యానికి కావలసింది నిలకడ. సర్గీ దగ్గర మొదటిది దండిగా ఉంది, రెండోదే తక్కువ.

నిలకడ అంటే ఏమిటో తెలియాలంటే కర్రలోని నీళ్ల గురించి కొంచెం చెప్పుకోవాలి. ఇది ఓపిగ్గా చదవండి, తక్కినదంతా దీని మీదే నిలబడుతుంది.

గట్టిగా కట్టిన గడ్డిపరకల మోపును నిలువుగా ఊహించుకోండి. చెట్టు కాండం దాదాపు అలాంటిదే, సన్నని గొట్టాల కట్ట. పచ్చి కర్రలో నీళ్లు రెండు చోట్ల ఉంటాయి: గొట్టం లోపలి బోలులో కొన్ని, గొట్టం గోడలోనే ఇంకిపోయి కొన్ని. ఎండడం మొదలయ్యాక ముందు బోలులోని నీళ్లు పోతాయి. అప్పుడు బరువు తగ్గుతుంది కానీ కర్ర కుంచించుకుపోదు. నీటి శాతం సుమారు 30కి దిగాక గోడల్లోని నీళ్లు పోవడం మొదలవుతుంది. కర్ర కుంచించుకోవడం, వంకర తిరగడం, బీటలివ్వడం అన్నీ అక్కడి నుంచే.

కుంచించుకోవడం అన్ని వైపులా ఒకేలా ఉండదు. పొడవునా ఉండేది లెక్కలోకి రానంత. కాండం నడిమి నుంచి బెరడు వైపుకి కొంత ఉంటుంది. చెట్టు వయసు వలయాల వెంట, అంటే గుండ్రంగా, దానికి దాదాపు రెట్టింపు. చుట్టుకొలత ఎక్కువగా తగ్గి వ్యాసం తక్కువగా తగ్గితే ఎలా కుదురుతుంది? కుదరదు. అందుకే చెక్కకుండా వదిలేసిన గుండ్రటి మొద్దు ఎండేటప్పుడు నడిమి నుంచి బయటికి చీలుతుంది. కర్ర మంచిదో చెడ్డదో అన్నదానితో దీనికి పని లేదు, లెక్క అంతే. డోలు చెక్కేవాళ్లు ఏ దేశంలోనైనా నడిమి గుజ్జును ముందే తొలిచేయడంలో తెలివి ఇదే. కర్ర కాస్త పచ్చిగా ఉండగానే లోపల బోలు చేసి, గోడను కావలసినదాని కంటే మందంగా వదిలి, నీడలో పెడతారు. నడుమ అడ్డుపడేది లేదు కాబట్టి చుట్టూ ఉన్న గోడ తన మానాన తాను దగ్గరపడుతుంది, చీలాల్సిన అవసరం రాదు. పూర్తిగా ఆరాక చివరి చెక్కడు.

ఆరిన తర్వాతా కర్ర ఊరుకోదు. వానాకాలంలో గాలిలోని తేమ పీల్చి ఉబ్బుతుంది, వేసవిలో వదిలేసి తగ్గుతుంది. బస్తర్‌లో ఏటా సుమారు 1400 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. మేలో గాలి పెళపెళలాడుతూ ఉంటుంది. గిటారు వెనక పలక వెడల్పు 40 సెంటీమీటర్లు అనుకోండి. వేసవికి, వానాకాలానికి మధ్య కర్రలోని తేమ 8 శాతం నుంచి 14కి పెరిగిందనుకోండి. వలయాల వెంట కోసిన పలకైతే అది సుమారు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. అడ్డంగా, అంటే వలయాలు పలక మందంలో నిటారుగా నిలబడేలా కోసిందైతే అందులో సగమే. రెండున్నర, మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న పలకను చుట్టూ జిగురుతో బిగించాక అది 6 మిల్లీమీటర్లు సాగాలనుకుంటే ఏమవుతుంది? పొంగుతుంది. వేసవిలో తిరిగి తగ్గాలనుకుంటే పగులుతుంది. పేరున్న కర్ర అయినా తప్పుగా కోస్తే ఇదే గతి.

ఇప్పుడు సర్గీ సంగతి తేలుతుంది. ఎండేటప్పుడు బాగా కుంచించుకుంటుంది, పైపైన ముందు ఎండి లోపల పచ్చిగా మిగిలిపోయి బీటలిస్తుంది. దాని నార తిన్నగా పోదు. ఒక పొర ఇటు, ఇంకో పొర అటు మెలికలు పడి ఉంటుంది. అందుకే చిత్రిక పడితే ఒక చోట నున్నగా వచ్చి పక్కనే పెళ్లలు లేస్తుంది. బరువు కూడా తక్కువేమీ కాదు, ఘనపుటడుగుకి 24 కిలోల దాకా తూగుతుంది. అయితే బరువు ఒక్కటే నేరం అనుకోకండి. గిటార్ల ప్రపంచం నెత్తిన పెట్టుకునే మన జిట్రేగి, అంటే భారతీయ రోజ్‌వుడ్, కూడా ఇంచుమించు అంతే తూగుతుంది. జిట్రేగి ఎండాక తన ఆకారంలో ఉండిపోతుంది. సర్గీ ఉండదు. తేడా అక్కడ.

సివ్నా ఘనపుటడుగుకి 13, 14 కిలోలు. సర్గీలో సగం కంటే కొంచెం ఎక్కువ. ఆరిన తర్వాత వంకర తిరగకపోవడంలో మన దేశపు కర్రల్లో దీనికి మంచి పేరుంది. ఉలికి మెత్తగా తెగుతుంది, లేత పసుపు రంగులో నున్నగా తేలుతుంది. డోలు మెడలో వేసుకుని రాత్రంతా ఆడేవాడికి ఆ బరువు తేడా ఏమిటో భుజానికి తెలుస్తుంది. భద్రాచలం వైపు కొమ్ము కోయ ఆట చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. అడవి దున్న కొమ్ములు తలకి కట్టుకుని, పెద్ద డోలు వేసుకుని గిరగిర తిరిగే ఆ ఆటకి దంతేవాడ వైపు మాడియాల ఆట దగ్గరి చుట్టం.

బీజా ఇంకో తరహా. బరువు 22, 23 కిలోలు, చేవ గట్టిది, చెదలు అంత తొందరగా ముట్టవు. కొడవలితో గీస్తే నెత్తురు లాంటి ఎర్రటి బంక కారుతుంది. ఎర్రచందనం చెట్టుకి ఇది తోబుట్టువు, రెండిటిదీ ఒకే ప్రజాతి. దీని చేవతో చేసిన గ్లాసులో నీళ్లు పోసి ఉంచి తాగితే షుగరు తగ్గుతుందని గ్లాసులు అమ్ముతారు. ఆ అమ్మకాల వల్ల షుగరు ఎంత తగ్గిందో గానీ చెట్లు మాత్రం తగ్గాయి. బరువు మోయగలిగి, పదికాలాలు ఉండే డోలు కావాలనుకుంటే బీజా. తేలిగ్గా, తొందరగా అయిపోవాలనుకుంటే సివ్నా.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న. డోలులో మోగేది ఏమిటి? చర్మం, లోపలి గాలి. కర్ర గోడ పెద్దగా కదలదు, కదలకూడదు కూడా. దాని పని చర్మాన్ని బిగి సడలకుండా పట్టుకోవడం, అంచు గుండ్రాన్ని కాపాడుకోవడం. అంచు అండాకారమైతే చర్మం ఒక పక్క బిగుసుకుని ఒక పక్క వదులవుతుంది, శృతి చెడుతుంది. అంటే డోలుకి మంచి కర్ర అంటే మంచిగా మోగే కర్ర కాదు, మోగేదాన్ని ఆసరాగా పట్టుకుని తను ఊరకుండే కర్ర. గిటారు చేసేవాళ్లలో చాలామంది వాద్యం మొత్తం మోగే కర్రతోనే చేయాలనుకుంటారు. డబ్బు ఎక్కువ తగలేసేది అక్కడే.

మరి మోగే భాగం ఏది, అదెలా ఉండాలి? దీనికి బస్తర్‌లోనే నాకు అన్నిటికంటే నచ్చిన ఉదాహరణ ఉంది. ధన్‌కుల్. కొండగావ్, జగదల్‌పూర్ ప్రాంతాల్లో తీజా జాగర్, లక్ష్మీ జాగర్ పాడే గురుమాయిలు, అంటే గాయకురాళ్లయిన పెద్దమ్మలు, వాయించే వాద్యం. కొండగావ్ రచయిత హరిహర్ వైష్ణవ్ ఈ జాగర్ గాథలను ఏళ్లపాటు సేకరించి పుస్తకాలుగా తెచ్చారు. ధన్‌కుల్‌ను దగ్గరగా చూడండి. గడ్డితో చేసిన చుట్టకుదురు మీద ఒక మట్టి కుండ. కుండ మూతి మీద ఒక వెదురు చేట. ఆ చేట మీద ఒక చివర ఆనించి, రెండో చివర నేల మీద ఆనేలా పెట్టిన పెద్ద విల్లు. విల్లు కర్ర మీద ఒక వైపు వరసగా గాట్లు. గురుమాయి ఒక చేత్తో వెదురు పుల్ల పట్టుకుని ఆ గాట్ల మీద రాస్తుంది, ఇంకో చేత్తో అల్లెతాడు లాగుతూ ఉంటుంది. గరగరమనే లయ, దాని మధ్య మధ్య ‘ఘుం’ అనే మోత. వాయించేది వంటింటి సామానే కదా అని నవ్వుకునే లోపల పాట మొదలవుతుంది, ఇక నవ్వు రాదు.

ఏం జరుగుతోంది? అల్లెతాడు, గాట్లు కదలికను పుట్టిస్తున్నాయి. తాడు ఒక్కటే ఊగితే మనకి వినపడేది బహు కొంచెం, ఎందుకంటే సన్నటి తాడు గాలిని కోసుకుపోతుందే తప్ప నెట్టలేదు. గాలిని నెట్టడానికి వెడల్పైన, తేలికైన, అయినా బిగువున్న పలక కావాలి. ఆ పలక చేట. చేట నేసేది సన్నటి వెదురు బద్దలతో, పట్టుకుంటే బరువే తెలియదు. విల్లు దాన్ని కదిపితే అది గాలిని కదుపుతుంది. కుండలోని గాలి దానికి తోడై కింది స్వరాన్ని బలపరుస్తుంది. గిటారులో ఉన్నవన్నీ ఇక్కడున్నాయి: తంతి, పైపలక, గాలి పెట్టె. ఎవరి పని వారిదే, ఏ పదార్థం ఏ పనికి తగిందో అదే. మోగే పలకకి వెదురు, గాలి పెట్టెకి మట్టి, విల్లుకి వంగే కర్ర. ధన్‌కుల్ చేసిన మొదటి మనిషికి నా దండం.

గిటారుకి తిరిగొద్దాం. ఆరు ఉక్కు తంతులు కలిసి లాగే బిగి సుమారు 70 కిలోలు. దాన్ని పైపలక ఓర్చుకోవాలి, ఓర్చుకుంటూనే చిటికెన వేలి మీటుకి కూడా కదలాలి. బరువు ఉండకూడదు, బిగువు ఉండాలి. ఈ రెండూ ఎదురెదురు గుణాలు, కలిసి దొరకడం అరుదు. స్ప్రూస్‌కి పేరు వచ్చింది ఇందుకే. ఘనపుటడుగుకి 12 కిలోల లోపే, అయినా నార వెంట శబ్దం సెకనుకి 5 కిలోమీటర్లకు పైగా పరుగెడుతుంది, గాలిలో వేగానికి పదిహేను రెట్లు. చలిదేశాల్లో నెమ్మదిగా పెరిగి, వలయాలు దగ్గర దగ్గరగా, నార తిన్నగా ఉండే చెట్టు అది. బస్తర్‌లో లేదు. గిటారు చేసేవాడు నిజంగా డబ్బు పెట్టి తెప్పించుకోవాల్సింది ఏదైనా ఉంటే ఈ ఒక్క పలకే.

తక్కినది? స్పెయిన్‌లో ఆంతోనియో దె తోరెస్ అనే గిటారు తయారీదారు 1862లో ఇదే పరీక్ష పెట్టాడు. పైపలక స్ప్రూస్‌తో చేసి, వెనక, పక్కలు మొత్తం కాగితపు గుజ్జు అట్టతో కట్టాడు. ఆ గిటారు మోగింది, ఇప్పటికీ బార్సెలోనా మ్యూజియంలో ఉంది. 2018లో ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు మరింత పద్ధతిగా చూశారు. ఒకే చేతి మీద, ఒకే పద్ధతిలో ఆరు గిటార్లు చేయించారు. తేడా అల్లా వెనక, పక్కల కర్రలోనే: బ్రెజిల్ రోజ్‌వుడ్, భారతీయ రోజ్‌వుడ్ అంటే మన జిట్రేగి, మహాగనీ, మేపుల్, సపేలీ, వాల్‌నట్. 52 మంది గిటారు వాయించేవాళ్లకి కర్ర కనపడకుండా చేసి ఇచ్చారు. చవక కర్రకీ ఖరీదు కర్రకీ వాళ్లు వేసిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చేతిలోనిది ఏదో గుర్తుపట్టడమూ కష్టమైంది.

వెనక కర్రకి విలువ లేదని దీని అర్థం కాదు. జిట్రేగి పలకను తడితే కంచు పళ్లెంలా మోగుతుంది, అదేమీ అబద్ధం కాదు. అయితే ఆ మోత గిటారు గొంతులోకి చేరేసరికి చాలావరకు కరిగిపోతుంది. వెనక పలకకి డోలు గోడకున్న ఉద్యోగమే ఎక్కువ: ఆకారం నిలపాలి, వానకీ ఎండకీ చెదరకూడదు. అలా చూస్తే సివ్నా వెనకపలకకీ, మెడకీ పరీక్షించి చూడదగ్గ కర్ర అని నా అంచనా. మెడకైతే లోపల ఉక్కు కడ్డీ వేయక తప్పదు, అంత తేలిక కర్ర తంతుల లాగుడికి వంగుతుంది. మెట్లు బిగించే పలకకి మాత్రం గట్టి కర్ర కావాలి, వేళ్లు రాసి రాసి గుంటలు పడకుండా. అక్కడ బీజా పనికొస్తుంది.

మనవాళ్లకి ఇదంతా కొత్త కాదు. విజయనగరం నుంచి సాలూరు, కోరాపుట్, జైపూర్ మీదుగా జగదల్‌పూర్ పోయే పాత 43వ నంబరు జాతీయ రహదారికి కొద్ది దూరంలోనే బొబ్బిలి ఉంది. ఆ పక్కనే గొల్లపల్లి, వీణలు చేసే సర్వసిద్ధి కుటుంబాల ఊరు. అక్కడ కర్ర పనస. కుండ, దండి ఒకే మొద్దులో తొలిచే ఏకాండి వీణ వాళ్ల ప్రత్యేకత. పనస బరువు సివ్నాకీ సర్గీకీ మధ్య, ఎండాక ఒద్దికగా ఉంటుంది, పురుగు పట్టడం తక్కువ. వీణకి 24 మెట్లు. వాటిని మైనంలో కూర్చి మేళం కడతారు. దండి వెంట్రుకవాసి వంగినా మేళం చెడుతుంది కనుక నిలకడ లేని కర్రను వీణ క్షణం కూడా భరించదు. అదే రోడ్డు మీద బస్తర్ వైపు పోతే సివ్నా, ఇటు వస్తే పనస. పెరట్లో దొరికేదాంట్లో నిలకడైనదాన్ని రెండు చోట్లా పట్టుకున్నారు.

వెదురు గురించి చెప్పకుండా బస్తర్ వాద్యాల కథ పూర్తి కాదు. నారాయణ్‌పూర్ దగ్గర గఢ్‌బెంగాల్ అనే పల్లె ఉంది. స్వీడన్ దర్శకుడు ఆర్నె సుక్స్‌డార్ఫ్ 1957లో విడుదల చేసిన సినిమాలో పులి పిల్లతో ఆడుకున్న చెంద్రూ అనే కుర్రాడిది ఆ ఊరే. ఆ సినిమాకి సంగీతం రవిశంకర్. ఆ ఊరివాడే పండీరామ్ మండావీ, కర్ర చెక్కడంలోనూ వాద్యాల తయారీలోనూ చేసిన కృషికి 2025లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన పేరు చెబితే గుర్తొచ్చే వాద్యం సులూర్. నోటితో ఊదే వేణువు కాదు. వెదురు గొట్టాన్ని చేత్తో పట్టుకుని గాలిలో ఊపితే గాలి దానంతట అదే లోపలికి దూరి ఈల వేస్తుంది. చీకట్లో అడవి దారిన నడిచేవాళ్లు ఊపుకుంటూ పోతే జంతువులు తప్పుకుంటాయి. సంగీతం సంగీతమే, కాపలా కాపలాయే.

వెదురుని ఎంచడానికి కొలమానం వేరు. ఏడాది బొంగు పైకి పచ్చగా, నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల మాత్రం నీళ్లు. ఆరేసరికి ముడతలు పడుతుంది. మూడు, నాలుగేళ్ల బొంగు కావాలి. పై తొక్క మీద నిగారింపు తగ్గి, మచ్చలు కనపడుతుంటే వయసొచ్చినట్టు. వెదురుకి పురుగు పట్టేది దానిలోని పిండి పదార్థం కోసం. చిగుళ్లు వచ్చే వానాకాలం దాటి చలికాలంలో కొడితే పిండి తక్కువ ఉంటుంది. కొట్టిన బొంగుల్ని కొన్ని వారాలు నీళ్లలో నాననిస్తే మిగిలింది కూడా చాలావరకు కరిగిపోతుంది. చీకటి పక్షంలో కొడితే పురుగు పట్టదని పల్లెల్లో అంటారు. చంద్రుడితో సంబంధం ఎంతో గానీ, రుతువు సంగతి మాత్రం ముమ్మాటికీ నిజం.

ఇక టింబరు డిపోకో, కోత మిల్లుకో వెళ్లి పలక ఎంచే పని. ముందు చివర చూడండి, పక్క చూడకండి. పలక పక్క అందంగా ఉంటుంది, ఆ అందమే కొనేవాడి కన్ను కప్పుతుంది. చివర్లో వలయాల గీతలు పలక వెడల్పుకి నిటారుగా ఉంటే తీసుకోండి. నవ్వు ముఖంలా వంపు తిరిగి ఉంటే ఆ పలక ఎండేకొద్దీ ఆ వంపుకి ఎదురుగా దోనెలా లేస్తుంది. చేవ చుట్టూ ఉన్న తెల్ల చెక్క ఎంతుందో చూడండి, పురుగు ముందు పట్టేది దానికే. ముడి ఉన్న చోటు వదిలేయండి.

తర్వాత తట్టి చూడటం. దీనిలో చిన్న కిటుకుంది. పలకను అంచున పట్టుకుని తడితే ఏ కర్రైనా డబ్బుమంటుంది, ఎందుకంటే మీ వేళ్లే దాని మోత నొక్కేస్తున్నాయి. పొడవులో ఐదో వంతుకి కాస్త పైగా, అంటే మీటరు పలకైతే చివర నుంచి 22 సెంటీమీటర్ల దగ్గర రెండు వేళ్ల మధ్య వదులుగా వేలాడదీసి, నడిమి భాగాన్ని వేలి కణుపుతో తట్టండి. పలక ఊగేటప్పుడు ఆ చోటు కదలదు కాబట్టి మీ వేళ్లు అడ్డుపడవు. ఇప్పుడు వినపడేది కర్ర సొంత గొంతు. అదే కొలతల పలకలు నాలుగైదు వరసగా తడితే తేడా చెవికి పట్టుబడుతుంది. మోత ఎంతసేపు నిలిచిందో చూడండి, ఎంత గట్టిగా వినపడిందో కాదు. పైపలకకి ఇది ముఖ్యం. వెనక పలకకి తట్టి చూసినా మంచిదే గానీ, చివర చూడటం అంతకంటే ముఖ్యం.

కొన్నాక తొందర పనికిరాదు. తెచ్చిన పలకల రెండు చివర్లకీ మైనమో రంగో పూయాలి, నీళ్లు ఎక్కువగా కారేది గొట్టాల మూతులుండే ఆ చివర్ల నుంచే. పలకకీ పలకకీ మధ్య సన్నటి పట్టీలు పెట్టి, గాలి ఆడేలా, నేల తగలకుండా, నీడలో పేర్చాలి. అంగుళం మందానికి ఏడాది అన్నది వడ్రంగుల పాత లెక్క. దానికంటే నమ్మకమైనది తూకం. పలక మీద తేదీ, బరువు పెన్సిల్‌తో రాసి పెట్టి, పదిహేను రోజులకోసారి తూచండి. బరువు తగ్గడం ఆగిన రోజున అది ఆరినట్టు. మన వాతావరణంలో ఒక వానాకాలం చూడనిచ్చి, మళ్లీ వేసవి దాకా ఆగి జిగురు పెడితే ఇంకా మంచిది.

ఇంకొక ప్రశ్న మిగిలింది, అది కర్రకి సంబంధించిందే అయినా వడ్రంగం దాన్ని తీర్చలేదు: ఆ చెట్టు ఎవరిది? బస్తర్‌లో ఇది ఎప్పుడూ నిప్పు లాంటి ప్రశ్నే. 1905లో అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలన్న బ్రిటిష్ ఆలోచన, 1910 భూమకాల్ తిరుగుబాటుకి వేసిన కట్టెల్లో ఒకటి. 1970లలో ప్రపంచ బ్యాంకు సాయంతో, కాగితపు గుజ్జు కోసం సాల్ అడవిని కొట్టి ఉష్ణదేశపు పైన్ చెట్లు నాటే పథకం వచ్చింది. జనం గట్టిగా ఎదురు తిరగడంతో 1980ల మొదట్లో దాన్ని మూలన పెట్టారు. 1990లలో ‘మాలిక్ మక్‌బూజా’ కుంభకోణం: ఆదివాసుల సొంత పొలాల్లో ఉన్న టేకు తదితర చెట్లను దళారులు, అధికారులు కలిసి కారుచవకగా కాజేశారు. సంగతి లోకాయుక్త దాకా, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వాద్యానికి కావలసిన బీజా, జిట్రేగి లాంటి పాత పెద్ద చెట్లే ఇలాంటి దోపిడీలో ముందు పోయేవి.

కనుక పల్లెలో ఎవరో తక్కువకి ఇస్తామన్న మొద్దు కొనకండి. అటవీ శాఖ డిపో వేలంలో కొన్న కర్రకి సుత్తి ముద్ర ఉంటుంది, రవాణాకి పర్మిట్ ఇస్తారు. కోత మిల్లులో కొన్నా ఆ కాగితం చూపించమనండి. జిట్రేగి అయితే ఇంకో మెలిక ఉంది: 2017 జనవరి నుంచి అది చేరిన డాల్‌బర్జియా ప్రజాతిలోని దాదాపు అన్ని జాతులూ, అంతరించే జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం రెండో పట్టికలో ఉన్నాయి. తయారైన సంగీత వాద్యాలకు 2019 నవంబరు నుంచి మినహాయింపు దొరికింది గానీ, పలకలుగా విదేశం పంపాలంటే అనుమతి తప్పదు. మార్టిన్ కంపెనీ బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమై 1969లో మన జిట్రేగికి మారిన దగ్గర్నుంచీ ప్రపంచంలోని గిటార్లకు ఈ కర్ర ఎంత పోయిందో, దానికి ఇది ఆలస్యంగా పడిన కళ్లెం. సివ్నాకి ఆ బెడద లేదు. తొందరగా పెరుగుతుంది కాబట్టి తోటలుగా నాటుతున్నారు, తోట కర్ర డిపోల్లో దొరుకుతుంది. అయితే తొందరగా పెరిగిన తోట చెట్టుకి వలయాలు వెడల్పు, చేవ తక్కువ. ముసలి చెట్టు పలక దొరికితే రెండు రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి. వెదురు అన్నిటికంటే తేలిక: అడవి బయట పెంచిన వెదురును 2017లో చేసిన చట్ట సవరణ చెట్ల జాబితా నుంచి తీసేసింది, సొంత పెరట్లోని బొంగు కొట్టుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు.